లక్క ముద్ర పడిన ఇంజిన్

మా అమ్మాయి మేదిని గెలిచిన మొట్టమొదటి కారు రేసు, గోలీకాయంత లక్క కరిగిపోవడం వల్ల చెల్లకుండా పోయింది. ఈ మాట చెబితే మా పక్కింటావిడ "లక్కంటే? గాజులు చేస్తారే, అదా?" అంది. అదే. గాజులకీ, రిజిస్టరు పార్శిళ్ళకీ వాడేదే. అది రేసు కారు ఇంజిన్ మీదకి ఎలా ఎక్కిందని మీరూ అడుగుతారు. చెబుతాను. ఇందులో నా తెలివి ఒక్క పిసరు కూడా లేదు. ఇలాంటివి ఒక మనిషి బుర్రకి తట్టేవి కావు, దానికో మండలి ఉండాలి.

ముందు మా సంగతి. మా ఆయన పాండురంగారావు గారికి విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్లు బాగుచేసే షెడ్డు ఉంది. వీధి చివర వెళ్ళే లారీ దగ్గు విని దానికేం జబ్బో చెప్పేస్తారు. నాకు జ్వరం వస్తే మాత్రం మూడో రోజుకి గానీ తెలియదు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ. ఇరవై ఏళ్ళుగా ఆ డిగ్రీని చింతపండుతో ఇత్తడి చెంబులు తోమడంలో వినియోగిస్తున్నాను. మేదినికి పదహారు. ఎనిమిదో ఏట నుంచీ చిన్న కార్ట్‌లు తోలి తోలి, నిరుడు ఒంటి సీటు రేసు కారుకి ఎదిగింది. ఆ కారుకి పైన కప్పుండదు, చక్రాలు బయటికే ఉంటాయి, తోలేవాళ్ళు పడుకున్నట్టు కూర్చోవాలి. మొదటిసారి దాన్ని చూసి మా అత్తగారు, "మిగతా కారు ఎప్పుడిస్తారటమ్మా?" అని అడిగారు.

పదిహేడు నిండని పిల్లలకి ఈ కార్లతో పోటీలు పెట్టేది వర్ధమాన రేసర్ల అభివృద్ధి మండలి. ఊరికి దూరంగా విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద ఏడాదికి నాలుగు రేసులు. నాలుగింటిలో కలిపి ఎక్కువ పాయింట్లు ఎవరికొస్తే వాళ్ళకి పై తరగతి సిరీస్‌లో ఏడాదిపాటు ఉచితంగా సీటు. కారు, ఇంజిన్, టైర్లు, మెకానిక్కులు అన్నీ వాళ్ళవే. మేదినికి మార్చిలో పదిహేడు నిండుతాయి. అంటే ఇదే ఆఖరి ఏడాది. మా సొంతంగా పై సిరీస్‌కి పంపాలంటే షెడ్డు అమ్మాలి. షెడ్డు అమ్మితే మా ఆయన పొద్దస్తమానం ఇంట్లో ఉంటారు. కాబట్టి ఆ సీటు మేదినికి ఎంత అవసరమో నాకూ అంతే అవసరం.

ఇక ఇంజిన్ సంగతి. రూల్ ప్రకారం అందరికీ ఒకటే ఇంజిన్, చిన్న కుటుంబాలు కొనుక్కునే మామూలు కారులోది. పుస్తకంలో మాత్రం ఒకటే. కలిగినవాళ్ళు ప్రతి రేసు తర్వాతా దాన్ని ఎక్కడో ఉన్న నిపుణుడి దగ్గరికి పంపేవారు. ఆయన విప్పి, అరగదీసి, నునుపు చేసి, మళ్ళీ బిగించి పంపేవాడు. వెళ్ళేటప్పుడు మామూలు ఇంజిన్, వచ్చేటప్పుడు పెళ్ళికూతురు. అపార్ట్‌మెంట్లు కట్టే చక్రధర్ గారైతే వాళ్ళబ్బాయి విహారి కోసం మూడు ఇంజిన్లు తిప్పేవారు. ఒకటి కారులో, ఒకటి నిపుణుడి దగ్గర, ఒకటి దారిలో. మిగతా తల్లిదండ్రులం గోల చేస్తే మండలివారు ఖర్చు తగ్గింపు అధ్యయన సంఘాన్ని వేశారు. సంఘం మూడు రాష్ట్రాల్లో మంచి హోటళ్ళు చూసుకుని బస చేసి, ఖర్చులు నిజంగానే ఎక్కువగా ఉన్నాయని తేల్చింది.

ఆ తర్వాత వచ్చింది సర్క్యులర్ నంబరు ఏడు. "ఇకమీదట అన్ని ఇంజిన్లకూ ముద్ర వేయబడును. ముద్ర చెదిరిన ఇంజిన్ విప్పబడిన ఇంజిన్‌గా పరిగణింపబడి, సదరు పోటీదారు అనర్హులగుదురు." ఎవరూ విప్పకపోతే ఎవరికీ ఖర్చుండదు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఆయన ఒక్కరే దిగులుపడ్డారు.

"విప్పకుండా ఎలా సుభా? అందులో ఏముందో చూడాలనిపించదూ?" అన్నారు.

"పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది, నా మనసులో ఏముందో చూడాలని ఎప్పుడైనా అనిపించిందా? అలాగే ఉండండి" అన్నాను.

ముద్ర వేసే రోజున అసలు మనిషిని చూశాం. మండలి కొత్త కార్యదర్శి నిడుమోలు సత్యవరప్రసాద్ గారు. ముప్ఫై నాలుగేళ్ళు సర్కారువారి విలువైన పెట్టెలకి కాపలా చూసే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. రేసు ఎప్పుడూ చూడలేదు, ప్రమాదకరమని. చంకలో తోలు సంచీ. అందులోంచి ఒక కొవ్వొత్తి, ఎర్ర లక్క కడ్డీలు, పురికొస ఉండ, ఇత్తడి ముద్ర తీసి, శాలువా పరిచి దాని మీద పేర్చారు. ఇంజిన్ మీద మూత బోల్టులకి పురికొస చుట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి, ముద్ర నొక్కారు.

మా ఆయన ఉండబట్టలేక ముందుకెళ్ళారు. "సార్, ఇలాంటివాటికి ఇనప తీగ చుట్టి సీసం సీలు నొక్కుతారండీ. కరెంటు మీటర్లకి ఉంటుంది చూడండి."

"సీసమా?" కార్యదర్శిగారు ఆయన వంక జాలిగా చూశారు. "సీసము ఎవడైనా చేయించగలడు. లక్క ముద్ర అట్లు కాదు. ముప్ఫై నాలుగు సంవత్సరముల సర్వీసులో నేను వేసిన ముద్ర ఒక్కటి చెదిరినట్టు రికార్డు లేదు."

"ఆ పెట్టెలు వేడెక్కవు కదండీ."

"వేడెక్కుట ఇంజిన్ యొక్క సొంత వ్యవహారము. ముద్ర మండలి వ్యవహారము. రెంటినీ కలపరాదు."

మా ఆయన నా పక్కకొచ్చి నిలబడి, "నీ కెమిస్ట్రీలో లక్క ఎంతకి కరుగుతుందే?" అని మెల్లిగా అడిగారు.

"కాఫీ కాచేటంత వేడికి."

"ఇంజిన్ మూత అంతకన్నా కాలుతుంది."

ఇద్దరం ఏమీ తెలియనట్టు ముందుకి చూస్తూ నిలబడ్డాం.

మొదటి రేసుకి పదమూడు కార్లు. విహారి కారు బ్యాటరీ చచ్చి కదల్లేదు. మిగతా పన్నెండూ బయల్దేరాయి. పదిహేను చుట్లు. ఇంజిన్లన్నీ ఒకే రకం అయ్యేసరికి తోలేవాళ్ళలో తేడా అప్పుడు కనిపించింది. మా మేదిని ఏడో స్థానం నుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి, ఆఖరి మలుపులో మొదటికొచ్చింది. నేను పక్కనున్నావిడ చెయ్యి పట్టుకుని నొక్కేశాను. ఆవిడ రెండో స్థానంలో వచ్చిన పిల్లాడి తల్లి.

తర్వాత తనిఖీ. కార్యదర్శిగారు భూతద్దంతో ఒక్కో ఇంజిన్ మీదకీ వంగారు. పన్నెండింటి మీదా లక్క కారిపోయి, ఇంజిన్లన్నీ సిందూరం పూసిన ఆంజనేయస్వాముల్లా ఉన్నాయి. ముడులు ఊడిపోయి పురికొసలు వేలాడుతున్నాయి.

"ముద్ర లేదు. అనగా ఇంజిన్ విప్పబడినది" అన్నారాయన.

"ఎప్పుడు సార్? నూట డెబ్భై కిలోమీటర్ల వేగంతో తోలుతూ విప్పానా?" అంది మేదిని, హెల్మెట్ చేత్తో పట్టుకుని.

"ఎప్పుడు, ఎవరు, ఎట్లు అనునవి మండలి విచారించదమ్మా. విప్పబడినదా లేదా అన్నదే విచారించును."

పన్నెండు మందీ అనర్హులు. ముద్ర చెక్కుచెదరని ఏకైక వాహనంగా, కదలని విహారి కారుకి కప్పూ, పాతిక పాయింట్లూ ఇచ్చారు. విహారి కప్పు పట్టుకుని ఎటు చూడాలో తెలియక చెప్పుల వంక చూశాడు. చక్రధర్ గారు మాత్రం ఫోటోగ్రాఫరు వైపే చూశారు. కార్యదర్శిగారు పాయింట్ల పట్టికని కవర్లో పెట్టి, కవరు మీద లక్క ముద్ర వేసి, ఆఫీసులో ఉన్న ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు.

మర్నాడు తల్లిదండ్రులందరం కలిసి వెళ్ళి అడిగాం. పొరపాటు ముద్రలోనే ఉందని మండలి ఒప్పుకుంటుందని మా ఆశ. మండలి అలాంటిదేమీ ఒప్పుకోలేదు. సర్క్యులర్ నంబరు తొమ్మిది వచ్చింది. "ముద్రకు హాని కలుగునట్టి వేడిని ఉత్పత్తి చేయుట నేరము. ప్రతి జట్టూ ఒక ముద్ర సంరక్షకుని నియమించుకొనవలెను. సంరక్షకుడు పట్టభద్రుడై ఉండవలెను."

మా ఆయనది ఇంటర్ ఫెయిలు. ఆ విధంగా బీఎస్సీ పాసైన ఇన్నేళ్ళకి నా డిగ్రీకి ఉద్యోగం వచ్చింది. జీతం లేదు గానీ మెడలో బిళ్ళ, చేతిలో గొడుగు, తడి తుండుగుడ్డ ఇచ్చారు. రేసు మొదలయ్యేదాకా ఇంజిన్ పక్కన కూర్చుని ముద్రకి ఎండ తగలకుండా చూడటం నా విధి. అటూ ఇటూ చూస్తే పదమూడు గొడుగులు, పదమూడు మంది గ్రాడ్యుయేట్లు. నా పక్క గొడుగాయన పీహెచ్‌డీ అట.

ఐసు దిమ్మలు, థర్మోకోల్ పెట్టెలు, చల్లటి నీళ్ళ ట్యాంకర్లు వచ్చాయి. చక్రధర్ గారు ఏకంగా ఐస్‌క్రీమ్ వ్యానొకటి అద్దెకి తెచ్చి, ఏసీలు బిగించే ఇంజనీరుని దానికి కాపలా పెట్టారు. నిపుణుడి దగ్గరికి ఇంజిన్ పంపే రోజులే చవగ్గా ఉండేవని అందరూ ఏడిస్తే, కార్యదర్శిగారు కాగితం తీసి చూపించారు.

"ఇంజిన్ ఖర్చు గత సంవత్సరము ఎంత? ఈ సంవత్సరము సున్న. మండలి సాధించిన విజయమిది."

"మరి ఈ ఐసు సార్?"

"అది ముద్ర ఖర్చు. దానిపై అధ్యయన సంఘము వేయబడలేదు."

రెండో రేసులో అందరూ ఇంజిన్ వేడెక్కకుండా సైకిల్ తొక్కినంత నెమ్మదిగా తోలారు. ముందు దారి చూపించే సేఫ్టీ కారు డ్రైవరు మాటిమాటికీ ఆగి వెనక్కి చూసుకున్నాడు. మేదిని ఒక్కతే ఎప్పట్లా తోలింది. చుట్టు అవగానే మళ్ళీ మళ్ళీ వీళ్ళందరినీ దాటాల్సి వచ్చి, తొంభై ఓవర్‌టేకులు చేసిందని మైకులో చెప్పారు.

ముందురోజు నేను దానికి చెప్పి చూశాను. "కొంచెం నెమ్మదిగా వెళ్ళమ్మా, సీటు ముఖ్యం కదా."

"నెమ్మదిగా వెళ్తే రేడియేటర్‌కి గాలి తగలదమ్మా, ఇంకా కాలిపోతుంది. నాన్ననడుగు" అంది. "ఎలాగూ కరుగుతుంది. కరిగేదేదో గెలిచి కరిగించుకుంటాను."

అది చెప్పినట్టే అయింది. నెమ్మదిగా పోయినవాళ్ళవీ కరిగాయి. రెండో చుట్టులోనే ఐస్‌క్రీమ్ వ్యాను పక్కన కారాపేసి ఇంజిన్‌తో సహా చల్లబడ్డ విహారిది మాత్రం నిలిచింది. మరో పాతిక. మరో కవరు, మరో ముద్ర, బీరువా.

మూడో రేసు నాటికి జనానికి తత్వం బోధపడింది. పచ్చ జెండా ఊపారు. పన్నెండు కార్లు కదల్లేదు. తోలేవాళ్ళు ఇంజినే స్టార్ట్ చేయలేదు. ఆ నిశ్శబ్దంలోంచి మేదిని ఒక్కతే రివ్వుమని వెళ్ళిపోయింది. పదిహేను చుట్లూ ఒక్కతే తిరిగింది. మైకులో మాట్లాడే ఆయన పాపం ఎటు చూసి చెప్పాలో తెలియక, "కదలకుండా నిలబడటంలో విహారి నిలకడ చూడండి! నాలుగో వరుసలో కొంచెం కదలిక... లేదు లేదు, తుమ్ము!" అంటూ నెట్టుకొచ్చాడు.

పన్నెండు ముద్రలూ భద్రం. మొదటి స్థానం ఎవరికివ్వాలి? కార్యదర్శిగారు భూతద్దం పట్టుకుని, నిగనిగని బట్టి నిర్ణయించారు. ఐస్‌క్రీమ్ వ్యాను చల్లదనంలో ఉంచిన విహారి ముద్ర నిగనిగలాడిపోతోంది. డెబ్భై అయిదు పాయింట్లు. మేదినివి సున్నా.

ఆ సాయంత్రం కార్యదర్శిగారు మైకు తీసుకుని గద్గదస్వరంతో ప్రసంగించారు. "ఇంతటి క్రమశిక్షణ నేను పెట్టెలలో తప్ప మనుషులలో చూడలేదు. ఒక్క పోటీదారు ప్రవర్తన మాత్రమే శోచనీయము. కావున ఆఖరి రేసుకు ఇంజిన్లను కార్ల నుండి వేరు చేసి మండలి స్వాధీనములో ఉంచుటకు ప్రతిపాదన కలదు. కార్లు యథావిధిగా వరుసలో నిలుపబడును."

కారులో ఇంటికి బయల్దేరాం. మేదిని వెనక సీట్లో హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని దాని అద్దం తుడుస్తూనే ఉంది. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"ఓడిపోతే పర్వాలేదమ్మా. ఓడిపోవడానికైనా ఇంజిన్ ఉండాలి కదా" అంది చివరికి.

మా ఆయన స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, "రేపెళ్ళి ఆయన్ని నాలుగు కడిగేస్తా" అన్నారు.

"మీరొద్దు. కడగడం నా శాఖ" అన్నాను.

మర్నాడు పట్టుచీర కట్టుకుని, డబ్బాలో సున్నుండలు పెట్టుకుని, మెడలో సంరక్షకుల బిళ్ళ వేసుకుని మండలి ఆఫీసుకి వెళ్ళాను. కార్యదర్శిగారు ఫ్యాను ఆపుకుని కూర్చున్నారు, గాలికి కొవ్వొత్తి ఆరిపోతుందని. వెనక ఇనప బీరువా.

"సార్, ఒక మనవి. సంరక్షకురాలిగా నాకు మనసొప్పడం లేదండీ."

"ఏ విషయమై అమ్మా?"

"ఇంత పవిత్రమైన ముద్రని తీసుకెళ్ళి, నూనె కారుతూ పొగలు కక్కే ఇంజిన్ మీద కూర్చోబెట్టడమేమిటండీ? నా కళ్ళముందే మూడు ముద్రలు కరిగిపోయాయి. ఇంట్లో మనిషి పోయినట్టుంది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నాలుగు మాసములుగా ఈ మాట అన్న మొదటి వ్యక్తివి నీవేనమ్మా. అందరూ ఇంజిన్, ఇంజిన్ అనువారే."

"ఇంజిన్లని స్వాధీనం చేసుకుంటామన్నారు. గున్న ఏనుగంత బరువు సార్ ఒక్కోటి, పదమూడు ఎక్కడ పెడతారు? దానికి బదులు ముద్రల్నే స్వాధీనం చేసుకోండి. పురికొస ముక్కకి ముద్ర వేసి, కారు నంబరు రాసి, మీ బీరువాలో భద్రం చేయండి. ముద్ర మండలివారి దగ్గర క్షేమంగా ఉందని ఒక రసీదు ఇవ్వండి. రసీదు ఇంజిన్‌కి అంటిస్తాం."

ఆయన డబ్బాలోంచి సున్నుండ ఒకటి తిన్నారు.

"రసీదు ఇంజిన్ మీద ఉండి, ముద్ర బీరువాలో ఉన్నచో, ఇంజిన్‌కు ముద్ర ఉన్నట్టేనా?"

"డబ్బు బ్యాంకులో ఉండి, పాస్‌బుక్ మన దగ్గరుంటే, డబ్బు మనకున్నట్టే కదా సార్."

"ఉన్నట్టే!" ఆయన బల్ల మీద అరచేత్తో కొట్టారు. కొవ్వొత్తి వణికింది. "ముప్ఫై నాలుగేళ్ళలో ఎవరికీ తట్టలేదు! ముద్రకు హాని కలుగు ప్రసక్తియే లేదు!"

నేను డబ్బా మూత పెట్టి లేచాను. గుమ్మం దాకా వెళ్ళి, అప్పుడే చూసినట్టు బీరువా వంక చూసి ఆగాను.

"సార్, దానికి వేయలేదా?"

"దేనికి?"

"బీరువాకి. అన్ని ముద్రలూ అందులో పెడతారు. మూడు రేసుల పాయింట్లూ అందులోనే ఉన్నాయి. దానికి మాత్రం ఉత్త తాళం. ఎవరైనా తెరిస్తే..."

ఆయన ఇన్నాళ్ళూ తాళం మీద బతికానా అన్నట్టు బీరువా వంక చూశారు.

ఆ వారమే సర్క్యులర్ నంబరు పదిహేడు వచ్చింది. ముద్రలన్నీ బీరువాలో భద్రపరచబడినవి. బీరువా తలుపులకు తొమ్మిది లక్క ముద్రలు వేయబడినవి. సదరు బీరువాను, ముద్రలు చెదరకుండా మాత్రమే, తెరువవచ్చును.

ఆఖరి రేసు రోజున పదమూడు ఇంజిన్ల మీదా పదమూడు రసీదులు, లామినేషన్ చేయించి మరీ అంటించారు. గొడుగులు లేవు, ఐసు లేదు. నా బిళ్ళ సంచీలో పడేసి, మా ఆయన పక్కన కంచె పట్టుకుని నిలబడ్డాను. నాలుగు నెలల తర్వాత పదమూడు ఇంజిన్లు ఒక్కసారి లేచాయి. మా ఆయన కళ్ళు మూసుకుని విన్నారు, కచేరీలో ముందు వరుసలో కూర్చున్నట్టు. "ఆరో నంబరుకి ఒక ప్లగ్ సరిగ్గా లేదు" అన్నారు తన్మయంగా.

పచ్చ జెండా పడగానే తేలిపోయింది. ఈ నాలుగు నెలలూ మిగతావాళ్ళు నెమ్మదిగా తోలడం, ఆపడం, అసలు కదలకపోవడం అభ్యాసం చేశారు. ముగ్గురికి గేరు పడలేదు. ఇద్దరు మొదటి మలుపులోనే గడ్డిలోకి వెళ్ళి, అలవాటు కొద్దీ అక్కడే ఆగిపోయారు. మేదిని ఆ ట్రాక్ మీద మూడు రేసులు పూర్తి వేగంతో తోలింది. ఏ మలుపులో తారు లేచిందో, ఏ చోట ఇసుక పడుతుందో దానికి మా వంటింటి గచ్చంత తెలుసు. పదిహేను చుట్లయ్యేసరికి రెండోవాడికీ దానికీ మధ్య ఎంత దూరముందంటే, ఇది హెల్మెట్ తీసి జడ వేసుకోవడం మొదలుపెట్టాక వాడు వచ్చాడు. ఆ పిల్లాడి తల్లి నా చెయ్యి పట్టుకుని నొక్కింది. బాకీ తీరిపోయింది.

విహారి నాలుగోవాడిగా వచ్చాడు. కారు దిగి పరిగెత్తుకుంటూ, "నాన్నా, నాలుగు! తోలి మరీ నాలుగు!" అని అరిచాడు. మూడు కప్పులు తీసుకున్నప్పుడు వాడి మొహంలో లేని వెలుగు అప్పుడు చూశాను.

చక్రధర్ గారికి అది పట్టలేదు. ఆయన కార్యదర్శిగారి బల్ల ముందు నిలబడి ఉన్నారు. "సరే సార్, ఈ రేసు ఆ అమ్మాయిదే. ఛాంపియన్ మావాడు. డెబ్భై అయిదు పాయింట్లున్నాయి. ప్రకటించండి."

"తప్పక. పట్టికలు చూచి ప్రకటించెదను" అన్నారు కార్యదర్శిగారు. "పట్టికలు..."

ఆయన ఆగారు. చక్రధర్ గారూ ఆగారు. ఇద్దరూ కలిసి ఆఫీసు గది వైపు చూశారు.

"బీరువా తెరవండి" అన్నారు చక్రధర్ గారు.

"ముద్రలు చెదరకుండా తెరువగలరా?"

"చెదరకుండా ఎలా తెరుస్తారండీ! పగలగొట్టండి! మళ్ళీ వేసుకోవచ్చు!"

ఆ మాటకి కార్యదర్శిగారు కుర్చీలోంచి లేచారు. ఆయన అంత ఎత్తుంటారని నాకు అప్పటిదాకా తెలియదు. "ముప్ఫై నాలుగు సంవత్సరములు. ఒక్క ముద్ర. రికార్డు లేదు. మీరు నన్ను, నా చేతులతో, తొమ్మిది..." ఎవరో మంచినీళ్ళిచ్చారు.

"పాయింట్లు అందరికీ తెలుసు కదా! వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి, చూడండి!" చక్రధర్ గారు ఫోను చూపించారు.

"వాట్సాప్‌కు ముద్ర ఉన్నదా?"

"లేదు, కానీ..."

"ముద్ర లేని కాగితము మండలి దృష్టిలో కాగితము కాదు. అది కాగితము కూడా కాదు."

"కోర్టుకెళ్తాను!"

"వెళ్ళుడు. ముద్ర విలువ వారికీ తెలియును."

బీరువా బయట ఉన్న పట్టిక ఒక్కటే, అప్పుడే రాసిన నాలుగో రేసుది, ఇంకా కవర్లో పెట్టనిది. దాన్ని బట్టే, అందుబాటులో ఉన్న రికార్డును అనుసరించి, కుమారి మేదిని ఛాంపియన్ అని ప్రకటించారు. మేదిని వాళ్ళ నాన్న మెడ పట్టుకుని వేలాడింది. ఆయన ఆనందం పట్టలేక కారు దగ్గరికెళ్ళి, రేసులయిపోయాయి కదా, ఇక విప్పవచ్చా అని అడిగారు.

సంచీ సర్దుకుంటుంటే కార్యదర్శిగారు నా దగ్గరికొచ్చారు.

"అమ్మా, ఆనాడు బీరువాకు ముద్ర లేదని నీవు జ్ఞాపకము చేసితివి."

"నాకేం తెలుసండీ, ఇంట్లో ఉండేదాన్ని" అన్నాను. "ఇంకో సున్నుండ తీసుకోండి."

తీసుకున్నారు.

పది రోజులకి రిజిస్టరు పోస్టులో పెద్ద కవరొచ్చింది. పై సిరీస్ వాళ్ళకి మేదిని స్వయంగా అందజేయాల్సిన సిఫారసు ఉత్తరం. కవరు వెనక అయిదు ఎర్ర ముద్రలు. పైన ఆయన దస్తూరీలో: "ముద్రలు చెదిరినచో చెల్లదు."

ముగ్గురం డైనింగ్ టేబుల్ మీద దాన్ని పెట్టుకుని చుట్టూ కూర్చున్నాం. "లోపల నా పేరే రాశారంటావా అమ్మా?" అంది మేదిని. నెలాఖరుకి చేర్చాలి. తీరా అక్కడికెళ్ళాక లోపల విహారి పేరుంటే? ఆ మండలిని నమ్ముకుని కవరు మోసుకెళ్ళేంత ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

నేను లేచి స్టవ్ వెలిగించి, అట్లకాడ సెగ మీద పెట్టాను. దాని అంచు వేడెక్కాక ఒక్కో ముద్ర కిందకీ మెల్లిగా పోనిచ్చాను. పెనం మీద అట్టు లేచినట్టు అయిదూ ఒకదాని తర్వాత ఒకటి, గుండ్రంగా, పైన అచ్చు నలగకుండా లేచొచ్చాయి. ఉత్తరం తీశాను. పేరు మేదినిదే. అక్షరాలు కూడా సరిగ్గానే ఉన్నాయి. మూడుసార్లు చదువుకుని, మడత పెట్టి లోపల పెట్టేసి, లక్క మెత్తగా ఉండగానే ఎక్కడివక్కడ అద్ది, ఫ్యాను కింద చల్లారనిచ్చాను.

మా ఆయన భూతద్దం తెచ్చి చూశారు. ఒక్క ముద్ర కూడా చెదరలేదు.

"మొత్తం ఎంతసేపు పట్టింది?" అన్నారు.

"మూడు నిమిషాలు."

"ముప్ఫై నాలుగేళ్ళు" అన్నారాయన మెల్లిగా.

కార్యదర్శిగారి సర్వీసులో ఆ పెట్టెలున్న ఆఫీసుకి పక్కనే అట్లు పోసే క్యాంటీన్ ఉండేదా అని నాకు అప్పుడే మొదటిసారి అనుమానం వచ్చింది. ఆయన్ని అడగలేదు. రిటైరైన మనిషి.